ష్రాప్‌షైర్ పల్లెలో కాపురం పెట్టాలంటే

ఇంగ్లండ్‌లో ఉద్యోగం అనగానే మనవాళ్ల మనసులో మెదిలేది లండన్. కాదంటే బర్మింగ్‌హామ్, మాంచెస్టర్. తీరా ఆర్డరు చేతికొచ్చాక చూస్తే ష్రూస్‌బరీ ఆసుపత్రి అనో, టెల్ఫర్డ్ అనో, ఆస్వెస్ట్రీ దగ్గర ఎముకల ఆసుపత్రి అనో ఉంటుంది. ఇవన్నీ ష్రాప్‌షైర్ కౌంటీలోవి. ఇంగ్లండ్‌కు పడమటి అంచున, వేల్స్ సరిహద్దును ఆనుకుని, గొర్రెల మేతబీళ్లూ పాత కోటలూ సన్నటి దారులూ ఉన్న నేల. నర్సులుగా, డాక్టర్లుగా వచ్చే మన పిల్లలు, ఇంటి నుంచే పని చేసుకునే సాఫ్ట్‌వేర్ వాళ్లు పట్నం వదిలి ఇక్కడి పల్లెలో ఇల్లు తీసుకుందామా అని అడుగుతుంటారు. తీసుకోండి. అయితే మే నెలలో వచ్చి ఆపిల్ పూత చూసి మాత్రం నిర్ణయించుకోకండి. ఇక్కడ ఇంటిని చలికాలాన్ని బట్టి ఎంచుకోవాలి. కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే చెబుతున్నాను.

ముందు మ్యాపు ముందేసుకోండి

చిరునామాలో ష్రాప్‌షైర్ అని ఉన్నంత మాత్రాన అంతా ఒకే పాలన కాదు. టెల్ఫర్డ్, వెల్లింగ్టన్ వైపు టెల్ఫర్డ్ అండ్ రెకిన్ కౌన్సిల్ చూస్తుంది. మిగతాదంతా 2009లో ఏర్పడిన ష్రాప్‌షైర్ కౌన్సిల్ కిందికి వస్తుంది. బడి దరఖాస్తు, చెత్తబండి, మన ఇంటి పన్ను లాంటి కౌన్సిల్ ట్యాక్స్ అన్నీ దీన్నిబట్టే మారతాయి కాబట్టి, ఇల్లు చూసేటప్పుడే పోస్ట్‌కోడ్ కొట్టి ఏ కౌన్సిలో తెలుసుకోండి. ష్రాప్‌షైర్ కౌన్సిల్ పరిధిలో చదరపు కిలోమీటరుకు ఉండేది సుమారు 100 మంది. పక్కింటికి వెళ్లాలన్నా కారు తీయాల్సిన చోట్లున్నాయంటే అందుకే.

రెండో లెక్క రైలు. ష్రూస్‌బరీ, చర్చ్ స్ట్రెటన్, క్రేవెన్ ఆర్మ్స్, లడ్లో, వెమ్, విట్‌చర్చ్, వెల్లింగ్టన్, టెల్ఫర్డ్‌లకు రైలుంది. ష్రూస్‌బరీ నుంచి బర్మింగ్‌హామ్‌కు దాదాపు గంట. బ్రిడ్జ్‌నార్త్, మచ్ వెన్‌లాక్, మార్కెట్ డ్రేటన్, బిషప్స్ కాజిల్ ఎంత ముచ్చటైన ఊళ్లైనా రోజూ ఎక్కి దిగే రైలు లేదు. బ్రిడ్జ్‌నార్త్‌లో స్టేషన్ కనిపిస్తుంది కానీ అది ఆవిరి ఇంజన్ల సరదా బండి, ఆఫీసుకు పనికిరాదు. ఆస్వెస్ట్రీ వాళ్లు పక్కనున్న గోబోవెన్‌కు వెళ్లి ఎక్కాలి. ఇంట్లో ఒక్కరికే డ్రైవింగ్ వస్తే, రెండోవాళ్లు స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే ఊరే తీసుకోండి. భర్త డ్యూటీకి కారు తీసుకుపోయాక, నడిచేంత దూరంలో దుకాణం కూడా లేని ఊళ్లో భార్య పొద్దుగూకులూ కిటికీ దగ్గర కూర్చునే కాపురాలు నాకు తెలుసు. ఎంత అందమైన కిటికీ అయినా ఎన్నాళ్లు చూస్తారు?

ఇల్లు చూడటానికి నవంబరు తర్వాత, సాయంత్రం పూట వెళ్లండి

డిసెంబరులో ఇక్కడ పొద్దున ఎనిమిది దాటితే గానీ సూర్యుడు రాడు, సాయంత్రం నాలుగు కొట్టకముందే వెళ్లిపోతాడు. ఆ చీకట్లో, వీధి దీపం లేని దారిలో, వర్షంలో ఆ ఇంటికి చేరి చూడండి. అప్పుడూ నచ్చితే అది మీ ఇల్లే. లోపలికి వెళ్లాక గోడల రంగులు, వంటగది బల్లలు తర్వాత చూడొచ్చు. ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి.

వేడి దేనితో వస్తుంది? చాలా పల్లెలకు గ్యాస్ పైపు లేదు. పెరట్లో పెద్ద ఆకుపచ్చ ట్యాంకు కనిపిస్తే అందులో ఉండేది మన కిరసనాయిలే. దాన్ని మండించి నీళ్లు కాచి, రేడియేటర్లలోకి పంపిస్తారు. ట్యాంకర్ మామూలుగా 500 లీటర్లకు తక్కువైతే రాదు, అంటే ఒకేసారి పెద్ద మొత్తం చేతిలో ఉండాలి. జనవరిలో మంచు పడి, ట్యాంకు అడుగంటి, లారీ వారం తర్వాత గానీ రానంటే ఆ వారం ఎలా గడుస్తుందో మీరే ఊహించుకోండి. కాబట్టి వేసవి చివరే నింపుకోండి. చాలా ఊళ్లలో ఇరుగుపొరుగు కలిసి ఒకే ఆర్డరు పెట్టి బేరమాడి చవగ్గా తెప్పించుకుంటారు. ఊళ్లో దిగిన మొదటి వారంలోనే ఆ గుంపు ఎవరు నడుపుతున్నారో కనుక్కోండి. డబ్బు కలిసొస్తుంది, నలుగురితో పరిచయమూ అవుతుంది.

గ్యాస్ లేదంటే వంట కూడా కరెంటు మీదే. ఇండక్షన్ పొయ్యి అయితే మన అల్యూమినియం గిన్నెలు, రాగి చెంబులు, అడుగు గుండ్రంగా ఉండే మూకుళ్లు పనికిరావు. అడుగున అయస్కాంతం అంటుకుంటేనే సూట్‌కేసులో పెట్టుకోండి. ఇనప దోసె పెనం అడుగు చదునుగా ఉంటే భేషుగ్గా పనిచేస్తుంది.

మురుగు ఎక్కడికి పోతుంది? విడిగా ఉండే ఇళ్లకు సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. ఏడాదికోసారైనా తోడించాలి. అద్దె ఇల్లైతే ఆ ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. కొనుక్కునేవాళ్లు ట్యాంకు నీళ్లు నేరుగా వాగులోకి పోతున్నాయేమో అడగాలి; 2020 నుంచి ఇంగ్లండ్‌లో అది కుదరదు, మార్పించే ఖర్చు మీ నెత్తిన పడుతుంది. వేపుడు మూకుట్లో మిగిలిన నూనె సింకులో పోయడం మాత్రం ఇంటికొచ్చిన మొదటి రోజు నుంచే మానేయాలి.

చెమ్మ ఉందా? నల్లటి దూలాలు, తెల్లటి గోడలు, వంగిన కప్పు ఉన్న ఇళ్లు ఫొటోల్లో ఎంత బాగుంటాయో, లోపల అంత చెమ్మ పట్టే వీలుంది. వాటి గోడలు సున్నంతో కట్టినవి, గాలి ఆడితేనే బాగుంటాయి. మనం పప్పు ఉడికించి, అన్నం వార్చి, సాంబారు మరిగించి, ఉతికిన బట్టలు రేడియేటర్ల మీద ఆరేస్తే ఆ ఆవిరంతా చల్లటి గోడలకు పట్టి మూలల్లో నల్లటి బూజు లేస్తుంది. వంటగదిలో గాలిని బయటకు లాగే ఫ్యాను నిజంగా బయటకే పంపుతుందా, లేక గదిలోనే తిప్పుతుందా చూడండి. అల్మరాల వెనక చెయ్యి పెట్టి తడిమి చూడండి. చెమ్మ లాగే మిషన్ ఒకటి కొనుక్కోవడం ఎలాగూ తప్పదు, ఆ డబ్బు ముందే లెక్కలో వేసుకోండి.

వరద వస్తుందా? బ్రిటన్‌లోకెల్లా పొడవైన సెవర్న్ నది ష్రూస్‌బరీని మెడలో దండలా చుట్టి పోతుంది. 2000 సంవత్సరపు వరదల తర్వాత ఫ్రాంక్‌వెల్ పేటలో నీళ్లు పెరిగినప్పుడు అమర్చే గోడలు పెట్టారు. అయినా 2020 ఫిబ్రవరిలో ఊళ్లోకి, ఐరన్‌బ్రిడ్జ్ అనే ఊరి ఒడ్డు వీధిలోకి నీళ్లొచ్చాయి. ప్రభుత్వ వెబ్‌సైట్లో పోస్ట్‌కోడ్ కొడితే వరద ముప్పు ఎంతో ఉచితంగా చూపిస్తుంది. ఏజెంటు "నది కనిపించే ఇల్లండీ" అంటే మాత్రం మీరు ఇంకోసారి చూసుకోవాలి.

ఫోను మోగుతుందా? మీ ఫోను పట్టుకుని ప్రతి గదిలోకీ వెళ్లండి. కొండల మధ్య ఊళ్లలో సిగ్నల్ రాదు, వైఫై మీదే కాల్స్ నడుస్తాయి. కరెంటు పోతే వైఫై కూడా పోతుంది కనుక పవర్ బ్యాంకు, టార్చిలైటు తలగడ పక్కనే ఉంచండి. కరెంటు పోయినప్పుడు ఫోన్ చేయాల్సిన నంబరు 105.

ఇంకొకటి. పాత ఇల్లు కొంటుంటే అది లిస్టెడ్ బిల్డింగా, అంటే ప్రభుత్వం కాపాడే పాత కట్టడాల జాబితాలో ఉందా అని అడగండి. 1700కు ముందు కట్టి, అసలు రూపం చెడకుండా నిలిచినవి దాదాపు అన్నీ ఆ జాబితాలో ఉంటాయి. ష్రూస్‌బరీ ఊళ్లోనే జాబితాకెక్కినవి 600 పైచిలుకు. అనుమతి లేకుండా కిటికీ మార్చడం నేరం కిందికి వస్తుంది. మీ ఇల్లే అయినా మీ ఇష్టం కాదు. నాకైతే ఆ పట్టుదల వల్లే ఈ ఊళ్లు ఇంకా ఊళ్లలా ఉన్నాయనిపిస్తుంది, కానీ చలిగాలి దూరే కిటికీ పక్కన పడుకునేవాళ్ల మాట వేరుగా ఉండొచ్చు.

అద్దె అడ్వాన్సు గురించి ఒక్క ముక్క. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపైతే అయిదు వారాల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు. ఇచ్చిన 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన పథకంలో దాన్ని జమ చేసి మీకు చెప్పాలి. దిగేరోజే ప్రతి మూలా ఫొటో తీసి పెట్టుకోండి.

దిగాక మొదటి నెలలో

కౌన్సిల్ ట్యాక్స్‌కు పేరు రాయించండి. కుటుంబం వచ్చేదాకా ఒక్కరే ఉంటుంటే 25 శాతం తగ్గింపు ఉంది, అడగందే ఇవ్వరు. డాక్టరు దగ్గర నమోదు జబ్బు చేశాక కాదు, అప్పుడే చేయించండి. మందుల షాపుకు 1.6 కిలోమీటర్లకు మించిన దూరంలో ఉండేవాళ్లకు పల్లె డాక్టరు క్లినిక్‌లోనే మందులు ఇచ్చే ఏర్పాటు చాలాచోట్ల ఉంది, అడిగి చూడండి. అక్టోబరు నుంచి మార్చి దాకా రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకోమని ఇక్కడి ఆరోగ్యశాఖ అందరికీ చెబుతుంది. మన చర్మపు రంగు వాళ్లు ఏడాది పొడవునా ఆలోచించమంటుంది. ఇది నిర్లక్ష్యం చేసి, ఒళ్లు నొప్పులకు వాతావరణాన్ని తిట్టేవాళ్లే ఎక్కువ.

ఓటరుగా కూడా నమోదు చేసుకోండి. భారత పౌరులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి, ఇక్కడ వీసా మీద ఉంటున్నా పార్లమెంటు ఎన్నికలతో సహా ఓటు వేయొచ్చు. పోలింగ్‌కు గుర్తింపు కార్డుగా మన పాస్‌పోర్టు చెల్లుతుంది. చాలామంది మనవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఓటర్ల జాబితాలో పేరుంటే బ్యాంకుల దగ్గర మీ క్రెడిట్ చరిత్రకూ మంచిదే.

పిల్లలుంటే రెండు తేదీలు గోడ మీద రాసుకోండి. హైస్కూలు దరఖాస్తుకు అక్టోబరు 31, ప్రైమరీకి జనవరి 15. దగ్గర్లోని తగిన బడే ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు రెండు మైళ్లు, ఆపైవాళ్లకు మూడు మైళ్లు దాటి ఉంటే, పదహారేళ్ల దాకా కౌన్సిలే ఉచితంగా బండి పెట్టాలి. మీకు నచ్చిందని దూరపు బడి ఎంచుకుంటే ఆ హక్కు పోతుంది. పల్లె బడిలో రెండు మూడు తరగతులు ఒకే గదిలో కూర్చుంటే కంగారు పడొద్దు. అక్కడ అది మామూలే, పిల్లలు బాగానే చదువుకుంటారు.

కారు, లైసెన్సు

ఇండియా లైసెన్సుతో ఇక్కడ స్థిరపడినప్పటి నుంచి 12 నెలలు నడపొచ్చు. తర్వాత ఒక్కరోజు కూడా కుదరదు. దాన్ని ఇక్కడి లైసెన్సుగా మార్చుకునే వీలు మనకు లేదు. ప్రొవిజనల్ లైసెన్సు తీసుకుని, థియరీ పాసై, రోడ్డు మీద పరీక్ష ఇవ్వాల్సిందే. పరీక్ష తేదీ దొరకడానికి నెలలు పడుతుంది కాబట్టి వచ్చిన వెంటనే మొదలుపెట్టండి. ఆటోమేటిక్ బండిలో పాసైతే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి, అదీ గుర్తుంచుకోండి.

మన ఊళ్లో ఎన్నేళ్లు నడిపినా ఇక్కడి పల్లె దారులు కొత్తగా నేర్చుకోవాల్సినవే. కారు పట్టేంత వెడల్పు, రెండు పక్కలా మనిషెత్తు కంచె, మలుపు అవతల ఏముందో కనిపించదు. వేగ పరిమితి గంటకు 60 మైళ్లయినా అది అనుమతి మాత్రమే, అంత వేగంతో వెళ్లమని కాదు. ఎదురు బండి వస్తే, పక్కకు తప్పుకునే జాగా ఎడమ వైపు ఉంటే అందులోకి వెళ్లాలి, కుడి వైపు ఉంటే దాని ఎదురుగా ఆగి వాళ్లనే అందులోకి రానివ్వాలి. దాటాక స్టీరింగు మీంచి ఒక వేలెత్తితే చాలు, అదే థాంక్స్. ఎత్తకపోతే మాత్రం ఊరంతా గుర్తుపెట్టుకుంటారు. హారన్ మర్చిపోండి. గుర్రం కనిపిస్తే గంటకు 10 మైళ్లకు తగ్గి, రెండు మీటర్ల దూరం వదిలి మెల్లగా దాటాలి. ట్రాక్టరు ముందుంటే దాని వెనకే వెళ్లాలి, రైతే వీలు చూసి పక్కకు తీస్తాడు. కోతల కాలంలో రోడ్డు మీద పడిన బురద, పొద్దున్నే చెట్ల నీడలో కనిపించని మంచుపొర, సందె వేళ అడ్డొచ్చే జింకలు — ఈ మూడింటికీ మందు నెమ్మదే. దారి మీద నీళ్లు నిలిచి, లోతు తెలియకపోతే వెనక్కి తిప్పేయండి.

వంటింటి సరుకులు, గుడి

పెద్ద సూపర్‌మార్కెట్ల బండ్లు చాలా పల్లెలకూ వస్తాయి, బియ్యం, కందిపప్పు, పెరుగు దొరుకుతాయి. సోనామసూరి, చింతపండు, ఇంగువ, ములక్కాడలు, గోంగూర కావాలంటే టెల్ఫర్డ్, వుల్వర్‌హాంప్టన్ వైపు వెళ్లాలి, ఇంకా ఏదైనా కావాలంటే బర్మింగ్‌హామ్. నెలకోసారి వెళ్లి తెచ్చుకుని ఫ్రీజర్ నింపుకోవడం ఇక్కడి మన ఇళ్ల ఆనవాయితీ, కాబట్టి మంచి ఫ్రీజర్ కొనండి. అదే ప్రయాణంలో బర్మింగ్‌హామ్ దగ్గరి టివిడేల్‌లోని వేంకటేశ్వరుడి గుడి కూడా కలిసొస్తుంది. ష్రూస్‌బరీ నుంచి కారులో గంట దూరం. ద్రావిడ శైలి గోపురం, 2006లో ప్రతిష్ఠ. ఉగాదికి తెలుగు మాట చెవిన పడాలంటే ఈ చుట్టుపక్కల అంతకు మించిన చోటు లేదు.

ఊరితో కలవడం

ఇదొక్కటీ ఎవరూ కాగితం మీద రాసివ్వరు. ఇక్కడివాళ్లు పలకరించరని మనవాళ్ల ఫిర్యాదు. పలకరిస్తారు, అయితే ముందు మీరు కనిపించాలి. మన ఊళ్లో కొత్తగా వచ్చినవాళ్ల ఇంటికి అందరూ వెళ్లి, మీదే ఊరు, ఏం చేస్తుంటారు, పిల్లలెందరు అని అడుగుతారు. ఇక్కడ అవన్నీ అడగడం మర్యాద కాదనుకుంటారు, మీరై చెప్పేదాకా ఆగుతారు. కనుక వాన గురించి, కుక్క గురించి, తోట గురించి మొదలుపెట్టండి. కుక్కను మెచ్చుకుంటే సగం పని అయినట్టే. జీతం, ఇంటి ధర, వయసు జోలికి పోకండి.

తర్వాత ఏదో ఒక పని నెత్తిన వేసుకోండి. ప్రతి ఊరికీ విలేజ్ హాలు ఉంటుంది, దాన్ని నడిపే కమిటీకి కుర్చీలు సర్దేవాళ్లు ఎప్పుడూ తక్కువే. చర్చి పంట పండగకు, వేసవి సంతకు కేకులు చేసే చేతులు కావాలి. మన పంచాయతీ లాంటి పారిష్ కౌన్సిల్ మీటింగుకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. గుంతలు, బస్సు వేళలు, కొత్త ఇళ్ల అనుమతులు అన్నీ అక్కడే మాట్లాడుకుంటారు. ఊరి దుకాణాన్ని వాలంటీర్లే నడిపే చోట వారానికి రెండు గంటలు గల్లా దగ్గర కూర్చుంటే, ఏడాది మొహమాటం నెలలో పోతుంది. పబ్‌కు వెళ్లడానికి తాగక్కర్లేదు. నిమ్మరసం తీసుకుని క్విజ్ రాత్రి కూర్చోండి, క్రికెట్ ప్రశ్న వచ్చినప్పుడు మీకోసమే చూస్తారు. మన వంట తీసుకెళ్లాలనిపిస్తే మొదటిసారే ఆవకాయతో దిగకండి, ఉల్లిపాయ పకోడీలతో మొదలుపెట్టండి.

ఏదో ఒక రోజు మీకు రాబర్ట్ క్లైవ్ ఎదురవుతాడు. ష్రూస్‌బరీ నడిబొడ్డున ఉన్న చౌకులో 1860 నుంచి ఆయన విగ్రహం ఉంది. మార్కెట్ డ్రేటన్ దగ్గర స్టైచ్‌లో 1725లో పుట్టి, ష్రూస్‌బరీకి పార్లమెంటు సభ్యుడిగా ఉండి, అదే ప్రాంతంలోని మోర్టన్ సే చర్చిలో సమాధి అయిన మనిషి. మనకు ఆయన చరిత్ర పుస్తకంలో ప్లాసీ దగ్గర ఆగిపోతాడు. కానీ బెంగాల్ నుంచి ఆయన పంపిన కర్నల్ ఫోర్డ్ సేనే, విజయనగరం ఆనంద గజపతి రాజుతో కలిసి 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లను ఓడించి, మరుసటి ఏడాది మచిలీపట్నం పట్టుకుంది. ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతిలోకి పోయిన దారి అదే. 2020లో విగ్రహం తీసేయాలని అర్జీలు వచ్చాయి, కౌన్సిల్ ఉంచాలనే తేల్చింది. ఊళ్లో ఎవరైనా మీ అభిప్రాయం అడిగితే మొహమాటపడి నవ్వి ఊరుకోకండి. చందుర్తి సంగతి చెప్పండి. అది అక్కడ చాలామందికి తెలియదు, ఆసక్తిగా వింటారు. 1709లో ఏబ్రహం డార్బీ కోక్‌తో, అంటే బొగ్గును కాల్చి చేసిన ఇంధనంతో, ఇనుము తీసిన కోల్‌బ్రూక్‌డేల్ గురించి, 1781లో రాకపోకలకు తెరిచిన ఇనుప వంతెన గురించి వాళ్లు మీకు అంతే గర్వంగా చెబుతారు. తీసుకెళ్లి చూపిస్తారు కూడా.

నడక

కొండలు, పొలాలు చూడటానికి టికెట్ లేదు. ఎవరి పొలమైనా సరే, పసుపు బాణం గుర్తున్న కాలిబాటలో నడిచే హక్కు మీకుంది. నీలం బాణం ఉంటే గుర్రాలు, సైకిళ్లు కూడా వస్తాయి. ఫోను మ్యాపును నమ్ముకోకుండా ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నన్స్ సర్వే వారి 1:25,000 మ్యాపు కొనండి. లాంగ్ మిండ్ కొండలకు 217 నంబరుది. గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వదలాలి. ఆవుల్ని చూసి గోమాతే కదా అని దగ్గరికి వెళ్లకండి. దూడలున్న ఆవులు మనిషిని తొక్కేసిన సందర్భాలున్నాయి, చుట్టూ తిరిగి పొండి. బురదకు తట్టుకునే బూట్లు లేకుండా అక్టోబరు తర్వాత గడప దాటొద్దు.

కూరగాయల మడి

ఇది చివర పెట్టాను కానీ దరఖాస్తు మొదటి వారంలోనే పెట్టాలి, ఎందుకంటే వరస పెద్దది. అలాట్‌మెంట్ అని పారిష్ కౌన్సిలో టౌన్ కౌన్సిలో కొద్దిపాటి అద్దెకు ఇచ్చే మడి ఇది. పూర్తి మడి 250 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 300 గజాలు. కొత్తవాళ్లు సగం మడే అడగండి, 300 గజాల కలుపు ఒక్కరి వల్ల కాదు. మీ పారిష్‌లో మడులే లేకపోతే ఆరుగురు ఓటర్లు సంతకాలు పెట్టి అడగొచ్చు, 1908 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ దాన్ని పట్టించుకోవాలి. మీరు ఓటరుగా చేరితే ఆ ఆరుగురిలో ఒకరవుతారు. మెంతికూర, కొత్తిమీర, పాలకూర ఏప్రిల్ చివర నుంచి బయటే వస్తాయి. కొత్తిమీర ఎండ తగలగానే పూతకొస్తుంది కాబట్టి కాస్త నీడలో, మూడు వారాలకోసారి కొద్దికొద్దిగా చల్లండి. వెల్లుల్లి అక్టోబరులో పాతండి, దానికి చలి కావాలి. పచ్చిమిర్చి, గోంగూర, సొర మాత్రం ఏప్రిల్‌లో ఇంట్లో కిటికీ దగ్గర నారు పోసి, ప్లాస్టిక్ కప్పిన పాలీటన్నెల్లో నాటాలి. మే నెల మధ్య దాకా రాత్రి మంచు పడుతుంది, తొందరపడి బయట పెడితే తెల్లారేసరికి నారంతా నల్లబడిపోతుంది. ఏ రాత్రి ఎంత చలో పక్క మడి పెద్దాయన్ని అడగండి. ఫోను చెప్పేదానికంటే ఆయన లెక్కే నయం.